సమోవర్ పక్క చోటు

“కాళ్లు ముడుచుకో.”

మా కోడలు బురుల్ ఈ ఇంట్లో విన్న మొదటి మాట ఇదే. తల మీద పెళ్లికూతురి తెల్లగుడ్డ ఇంకా తీయలేదు. గుమ్మం పక్కన, టీకి నీళ్లు కాగే కుళాయి పాత్ర సమోవర్ దగ్గర, పల్చటి బొంత మీద కూర్చోబెట్టాం. నా భార్య ఉమ్సునాయ్ ఆమె చెవి దగ్గరికి వంగి మెల్లగా చెప్పింది.

“ఎడమ కాలు కిందికి మడిచి దాని మీద కూర్చో. పాదాలు పెద్దవాళ్ల వైపు పెట్టకూడదు. గిన్నెలో టీ సగానికే పొయ్యి. నిండా పోశావంటే ఇక తాగి బయల్దేరండి అన్నట్టే. గిన్నె ఖాళీ అవుతుండగానే చెయ్యి చాచాలి. అడిగించుకోకూడదు, తెలిసిందా తల్లీ?”

బురుల్ తలూపింది. కాళ్లు ముడుచుకుంది. అప్పటినుంచి ముడుచుకునే ఉంది.

మా కొండల్లో సగం గిన్నె టీ అంటే ప్రేమ. తొందరపడి వెళ్లిపోకు, మళ్లీ మళ్లీ పోస్తాం అని దానర్థం. నేను పుట్టినప్పటినుంచీ అలాగే తాగాను. రెండు గుక్కలు తాగి గిన్నె ముందుకు తోస్తే చాలు, మళ్లీ రెండు గుక్కలు వేడివేడిగా వచ్చేవి. తోసేవాడికి బాగానే ఉంటుంది. ఆ గిన్నె ఎవరి చేతిలోకి పోతుందో ఆ మనిషి మాత్రం లేవడానికి వీల్లేదు.

బురుల్ పుట్టి పెరిగింది పైన, పచ్చిక మైదానాల్లో. వాళ్ల నాన్న గుర్రాలు మేపేవాడు. జీను మీద ఆ పిల్లని చూసినవాళ్లు ఇది పిల్లా గాలా అనేవాళ్లట. అలాంటి పిల్ల మా ఇంటికొచ్చి పొద్దున బస్టాండు పక్కన రగ్గుల షెడ్డులో కూర్చునేది, సాయంత్రం సమోవర్ పక్కన కూర్చునేది. షెడ్డులో ఆడవాళ్లు నేల మీదే కూర్చుని, మందంగా ఒత్తిన ఉన్ని మీద పూలు కుడతారు. సూది దిగాలంటే ఒంటి బరువంతా వెయ్యాలి. ఆ షెడ్డు చూసుకునే ఆవిడ ఒకతి ఉండేది. ఎవరైనా నడుం చాపుకోవడానికి లేస్తే, “లేచి తిరిగేవాళ్ల కుట్లన్నీ వంకరే” అనేది. ఎవరూ లేచేవాళ్లు కాదు.

ఇవన్నీ ఆమె నాతో ఒక్కసారి కూర్చుని చెప్పినవి కావు. కోడలు మామగారితో అలా చెప్పదు. పశువుల కొట్టంలో గడ్డి వేస్తూ, నా వైపు చూడకుండా, ఆవుతో చెబుతున్నట్టు ఒక్కో ముక్క ఒక్కోసారి చెప్పింది. నేనూ ఆవు వైపే చూస్తూ విన్నాను.

మొదట అది నొప్పిలా లేదట. ఎడమ పిరుదు లోపల ఎక్కడో, చెయ్యి పెడితే అందనంత లోతులో, ఎవరో బొటనవేలు పెట్టి నొక్కుతున్నట్టు ఉండేదట. అదేలే, పోతుందిలే అనుకుంది. కొన్నాళ్లకి ఆ వేలు మేకులా మారింది. గిన్నె అందుకోవడానికి ముందుకు వంగితే ఆ మేకు ఇంకాస్త దిగేది. సమోవర్ కుళాయి తిప్పేటప్పుడు ఒక రకంగా, కుళాయి కట్టేటప్పుడు ఇంకో రకంగా పొడిచేది. ఏ చుట్టం ఎన్ని గుక్కల్లో గిన్నె ఖాళీ చేస్తాడో ఆమెకి కంఠతా వచ్చు కాబట్టి, ఆ గుక్కల మధ్య దొరికే సందులో ఒంటి బరువు కుడివైపుకి జరుపుకునేది. ఎవరికీ తెలియకుండా, దొంగతనం చేస్తున్నట్టు. అందరూ లేచాక తను లేచేటప్పుడు తొడ వెనకనుంచి పిక్క దాకా చీమలు బారులు కట్టేవి. గోడ పట్టుకుని, నవ్వుతూ లేచేది. నవ్వు ఎందుకని అడిగాను. “నవ్వకపోతే ముఖం ఇంకోలా పెడతాను కదా మామయ్యా, అప్పుడు ఏమయిందని అడుగుతారు. అడిగితే ఏం చెప్పను? ఎక్కడ అని చూపించను?” అంది. ఆడమనిషి ఒంట్లో కొన్ని చోట్లకి నొప్పి వస్తే చెప్పుకోవడానికి నోరు రాదు. చెయ్యి నొప్పంటే అందరూ చూస్తారు. తల నొప్పంటే గుడ్డ కడతారు. ఇది చెప్తే నవ్వుతారు. “నా కాళ్లు నాకంటే ముందే ఈ ఇంటి కోడళ్లయిపోయాయి” అని లోపల్లోపల అనుకునేదట.

భర్తకి చెప్పిందా అంటే, చెప్పింది. నా కొడుకు ఎర్మెక్ రాజధానికి మినీబస్సు తోలుతాడు. అలసిపోయి వస్తాడు. ఆమె చెబితే బూట్లు విప్పుకుంటూనే అన్నాడు. “రోజంతా కూర్చునే ఉంటావు కదా, అలసటెక్కడిది? నన్ను చూడు, నేనూ కూర్చునే ఉంటాను.”

వాడు మంచివాడే. ఆ మాట కూడా కోపంగా అనలేదు. అందుకే అది ఆమెలో ఉండిపోయింది. వాడి సీటు మీద పూసల పరుపుంది. కనుమ ఎక్కగానే బస్సు ఆపి దిగుతాడు, కాళ్లు ఝాడించుకుంటాడు, వేడిగా ఏదైనా తింటాడు. ప్రయాణికులందరూ డ్రైవరు మళ్లీ ఎక్కే దాకా ఓపిక పడతారు. నాకు కనుమ ఎప్పుడొస్తుంది, నేనెక్కడ దిగాలి అని ఆమె అనుకుంది. అనుకుని, వాడి బూట్లు పొయ్యి పక్కన ఆరబెట్టింది.

ఉమ్సునాయ్ మాత్రం కనిపెట్టింది. కోడలు మెట్టు ఎక్కుతూ ఎడమ కాలు ఈడవడం చూసింది.

“చలి దిగింది నీకు. తడి నేల మీద కూర్చునుంటావు. నాకు ముందే చెప్పొద్దూ, పిచ్చి మొహమా!”

అరలో అడుగునుంచి కుక్క బొచ్చుతో అల్లిన నడికట్టు తీసింది. పాతది, అక్కడక్కడ అరిగిపోయింది. అది బురుల్ నడుముకి బిగించి కట్టింది. గొర్రె తోక కొవ్వు వేడి చేసి రాసింది. తగ్గలేదు. ఒక పొట్టేలు కోసినప్పుడు, పచ్చి తోలు ఇంకా వెచ్చగా ఉండగానే కోడల్ని అందులో చుట్టింది. తల్లి కూడా అంత శ్రద్ధగా చుట్టదు. జుట్టు సవరించింది, దుప్పటి కప్పింది, ముద్దు పెట్టుకుంది.

“ఇక నువ్వు అటూ ఇటూ తిరగకు. నీళ్లు ఎర్మెక్ తెస్తాడు, పేడ నేను ఎత్తుతాను. నువ్వు వెచ్చగా ఒక్కచోట కూర్చో చాలు.”

ఆ వెచ్చటి ఒక్కచోటు ఏది? సమోవర్ పక్కనే.

పాపం, అత్త నడిచే పనులన్నీ తీసేసి, కూర్చునే పని ఒక్కటే ఉంచింది. ప్రేమతోనే చేసింది. ఎంత ప్రేమగా చూసుకుంటే బురుల్‌కి నొప్పి అంత ఎక్కువైంది.

అప్పటికి వాళ్ల పెళ్లయి కొన్నేళ్లయింది. ఆ ఏడు చలికాలం మొదట్లో నాకు మోకాలు పట్టేస్తే పట్నంలో ఆస్పత్రికి పోయాం. తోడు బురుల్ వచ్చింది. బస్సులో సీటున్నా నిలబడే వచ్చింది. చీటీలిచ్చే కిటికీ దగ్గర అమ్మాయి అడిగింది.

“పేషంటు పేరేంటి?”

బురుల్ నోరు మెదపలేదు. కోడలు మామగారి పేరు పలకకూడదు.

“పేరమ్మా, పేరు! ఎవరితో వచ్చావో కూడా తెలీదా?”

“మా... మా బెగిమాయ్ వాళ్ల తాతగారు.”

వెనక వరసలో వాళ్లు పగలబడి నవ్వారు. బెగిమాయ్ అంటే బురుల్ కూతురు, ఇంకా బడికి పోని పిల్ల. నేను కుంటుకుంటూ వెళ్లి నా పేరు నేనే చెప్పుకున్నాను.

ఫిజియోథెరపీ గదిలో ఐజర్కిన్ అని ఒక అమ్మాయి ఉంది. నా మోకాలు వంచి చూస్తోంది కానీ, చూపు మాత్రం నా వెనక ఉంది.

“ఆ అక్క ఎందుకు నిలబడింది? కుర్చీ ఉంది కదా.”

“నాకు నిలబడటమే బాగుంటుంది” అంది బురుల్.

“బాగుంటుందా, కూర్చోలేవా?”

బురుల్ బరువు కుడికాలి మీదికి మార్చుకుంది.

“ఎక్కడక్కా నొప్పి?”

“కాలు.”

“కాల్లో ఎక్కడ?”

“పైన.”

“తొడా?”

“ఇంకొంచెం పైన.”

నేను గబాల్న లేచి కిటికీ దగ్గరికి పోయాను. బయట చెట్టు మీద ఒక కాకి ఉంది. నా జన్మలో ఏ కాకినీ అంత శ్రద్ధగా చూడలేదు.

“తాతగారూ, మీరు కాసేపు బయట కూర్చుంటారా?”

“కూర్చుంటానమ్మా, కూర్చుంటాను.”

తలుపు పల్చటి చెక్క. అన్నీ వినపడ్డాయి. ఆ అమ్మాయి బురుల్‌ని పడుకోబెట్టి కాలు ఎత్తించింది, పాదం అటూ ఇటూ తిప్పించింది, ఎక్కడో సుత్తితో టకటకమని కొట్టింది. తర్వాత అంది.

“నడుం నుంచి వచ్చిందేమో అనుకున్నాను, కాదు. ఎముక బాగానే ఉంది. ఇక్కడ, పిరుదు లోపల, చిన్న కండ ఒకటుంటుంది. కాలికి పోయే పెద్ద నరం దాని కిందనుంచే పోతుంది. కండ బిగిసిపోయి నరాన్ని పట్టుకుంది.”

“చలి పట్టిందంటుంది మా అత్తయ్య.”

“చలి కాదక్కా, కూర్చోవడం. రోజులో ఎంతసేపు కూర్చుంటావు?”

“నేనసలు కూర్చోను. ఎప్పుడూ పనిలోనే ఉంటాను.”

“ఏం పని?”

“రగ్గులు కుట్టడం. టీ పొయ్యడం.”

“నిలబడి కుడతావా?”

లోపలినుంచి ఏడుపు వినిపించింది. గట్టిగా కాదు, ముక్కు ఎగబీల్చినట్టు. ఆ ఏడుపు ఎందుకో తర్వాతెప్పుడో చెప్పింది. అందరూ దాన్ని కూర్చోవడం అనేవాళ్లు, తను పని అనుకునేది. ఎవరి మాట నిజమో తెలియక, నేనే సోమరిపోతునేమో, నా ఒళ్లే వంకలు వెతుక్కుంటోందేమో అని తన ఒంటినే తిట్టుకునేది. రెండూ నిజమేనని ఆ బల్ల మీద పడుకున్నప్పుడు తెలిసింది. అది కూర్చోవడమే, అది పనే. ఒళ్లు అబద్ధం చెప్పలేదు.

ఐజర్కిన్ నేర్పడం మొదలుపెట్టింది. “వెల్లకిలా పడుకో. ఈ కాలి చీలమండ ఆ మోకాలి మీద పెట్టు. ఇప్పుడు కింద ఉన్న తొడ పట్టుకుని గుండె దగ్గరికి లాక్కో. మెల్లగా. లాగినట్టుండాలి, పొడిచినట్టుండకూడదు. ఊపిరి బిగబట్టకు, వదులు. ఇంకొకటి. పక్కకి తిరిగి మోకాళ్లు మడుచుకో, పాదాలు కలిపే ఉంచి పై మోకాలు తలుపు తెరిచినట్టు తెరువు. ఆ చుట్టూ ఉన్న కండలకి బలం రావాలి. ఒక బంతి తెచ్చుకుని, గోడకీ నీకూ మధ్య పెట్టుకుని, నొప్పి ఉన్నచోట మెల్లగా దొర్లించు. రోజూ నడువు.”

“ఇంట్లో ఇలా పడుకుంటే...”

“పడుకుంటే?”

“పాదాలు పైకి ఉంటాయి కదా.”

ఆ అమ్మాయి నవ్వింది. “నేనూ కోడలినే అక్కా. నావి నేను ఇక్కడే, ఈ గదిలోనే చేసుకుని ఇంటికి పోతాను.” తర్వాత నవ్వు ఆపింది. “కానీ ఒక మాట. ఆ కాలి మీద అలా మడిచి కూర్చుంటూ ఉంటే నేనేం నేర్పినా దండగ. కాసేపు కూర్చుంటే లేవాలి, తిరగాలి, మళ్లీ కూర్చోవాలి. పాదం దాకా తిమ్మిరి దిగి ఉండిపోయిందంటే, వెనక్కి రావడానికి చాలాకాలం పడుతుంది. ఒక్కోసారి మొత్తం రాదు.”

బస్సులో తిరిగొస్తూ నేను మోకాలు రుద్దుకుంటూ కూర్చున్నాను. బురుల్ కడ్డీ పట్టుకుని నిలబడింది. మా ఇంట్లో టీ పోసే మనిషి మధ్యలో లేచి తిరగడం ఎక్కడైనా ఉందా అని ఆలోచించాను. నేను చూడలేదు.

తర్వాత రోజు నేను కొట్టంలోకి గడ్డి మోపు తీసుకుపోతుంటే గడ్డివాము మీదినుంచి రెండు ఉన్ని మేజోళ్లు ఆకాశం వైపు లేచి కనిపించాయి. ఒకటి ఇంకోదాని మీదికి ఎక్కి ఉంది. వచ్చినదారినే వెనక్కి పోయాను. అప్పట్నుంచి కొట్టం దగ్గరికి పోయేటప్పుడు దారిపొడుగునా దగ్గుతూ పోయేవాణ్ణి. ఉమ్సునాయ్ కంగారుపడింది. “ఈ మనిషికి చలి ఛాతీలోకి దిగింది” అని నాకూ కొవ్వు రాసింది.

బంతి బురుల్ తనే చేసుకుంది. షెడ్డులో పారేసే ఉన్ని ముక్కలు తెచ్చి, వేడినీళ్లు, సబ్బు వేసి అరచేతుల్లో తిప్పి తిప్పి గట్టిగా ఒత్తింది. ఎరుపు, తెలుపు, బూడిదరంగు కలిసిన బంతి. కొట్టం గోడకి ఆనుకుని నిలబడి దాన్ని దొర్లించేది. మొదట్లో కళ్లనీళ్లు తిరిగేవట. ఆవు తల తిప్పి చూసేదట. కొన్నాళ్లకి నొప్పి ఒప్పుకోవడం మొదలుపెట్టింది. ఆమె మాటే ఇది, నొప్పి ఒప్పుకుంది అంది. రోజూ ఒక్క కాసేపు తన ఒళ్లు తనతో మాట్లాడుతోందనీ, చిన్నప్పుడు గుర్రం దిగాక పచ్చికలో వెల్లకిలా పడుకుంటే కాళ్లు ఎంత పొడుగ్గా అనిపించేవో గుర్తొచ్చిందనీ అంది. మెట్లు మామూలుగా ఎక్కసాగింది. ఉమ్సునాయ్ మురిసిపోయింది. “చూశావా, నా నడికట్టు మహిమ!”

అంతలో చలికాలం మాంసం విందులొచ్చాయి. ఇంటింటా గుర్రాన్నో ఆవునో కోసి, చుట్టాలందర్నీ పిలిచి పెట్టాలి. ఇవాళ వాళ్లింట్లో, రేపు వీళ్లింట్లో. ప్రతి ఇంట్లోనూ చిన్నకోడలు సమోవర్ పక్కన కూర్చోవాలి. మా చుట్టాల్లో అందరికంటే చిన్నకోడలు బురుల్. కాబట్టి ఎవరింట్లో విందయినా టీ ఆమెదే. “బురుల్ చేతి టీ వేరమ్మా” అని పొగిడేవాళ్లు. పొగిడి గిన్నె తోసేవాళ్లు. మళ్లీ మేకు దిగింది. ఈసారి పాదం చిటికెనవేలు దగ్గర ఏమీ తెలియకుండా పోయింది. మేజోడు తొడుక్కుంటే తొడుక్కున్నట్టు లేదట.

మా ఇంటి విందుకి ముందురోజు మధ్యాహ్నం బెగిమాయ్ బొమ్మలకి టీ పోస్తోంది. ఎడమ కాలు మడిచి దాని మీద కూర్చుంది. మూత లేని పాత కెటిలు, కుంకుడుకాయంత గిన్నెలు. అందరికీ సగం సగం పోసింది. పోయడం అయ్యాక గోడ పట్టుకుని లేచి, తుంటి మీద చెయ్యి వేసుకుని, “అబ్బా” అని నవ్వింది.

బురుల్ పిండి కలుపుతోంది. చేతులు ఆగిపోయాయి.

“ఏమయింది తల్లీ? ఎక్కడ నొప్పి?”

“నొప్పి లేదు. టీ పోశాక అలా అనాలి కదా.”

ఆటలో అదీ ఒక భాగమనుకుంది పిల్ల. సగం పోయాలి, చెయ్యి చాచాలి, చివర్లో అబ్బా అని నవ్వాలి. బురుల్ పిండి చేతులతోనే పిల్లని దగ్గరికి తీసుకుంది. నా ఎదురుగా కాబట్టి ఏడవలేదు. కానీ పిల్ల వీపు మీద పిండి వేళ్ల గుర్తులు చాలాసేపు ఉన్నాయి.

విందుకి ఉమ్సునాయ్ అన్నయ్య శార్షెన్ బావ వచ్చాడు. పెద్దవాళ్లు కూర్చునే పై వైపు, గుమ్మానికి ఎదురుగా, మెత్తటి పరుపుల మీద కూర్చున్నాడు. ఆయన తర్వాత వయసు ప్రకారం మిగతావాళ్లు. శార్షెన్ బావ టీ తాగడంలో పేరుమోసినవాడు. గిన్నె తోస్తూ పాత గుర్రప్పందేల కబుర్లు చెబుతాడు. ఒక్కో గుర్రం గమ్యం చేరేలోపు ఎన్నో గిన్నెలు. మాంసం ఇంకా ఉడుకుతోంది. టీ మొదలై చాలాసేపయింది. బురుల్ కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె పై పెదవి మీద చెమట నేను ఇవతలినుంచే చూశాను. లేస్తుందా, లేవదా అని చూస్తున్నాను. ఆమె అత్త వైపు చూసింది, భర్త వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది. లేవలేదు.

శార్షెన్ బావ గిన్నె వచ్చింది. ఆమె అందుకుంది. పాలు పోసింది, డికాషన్ పోసింది, వేడినీళ్లు వదిలింది. సగం అయింది. నీళ్లు ఆగలేదు. ముప్పావు అయింది. అప్పుడు పిక్కలోంచి పాదం దాకా మెరుపులా పోయిందట. కుళాయి కట్టేసరికి గిన్నె అంచుదాకా నిండి తొణుకుతోంది. ఆ గిన్నె అలాగే చేతులు మారి మారి, అందరి చూపులూ మోసుకుంటూ పై వైపుకి పోయింది.

గుర్రప్పందెం మధ్యలో ఆగిపోయింది. శార్షెన్ బావ గిన్నె చూశాడు. తర్వాత తన గొంగళిటోపీ కోసం వెతికాడు.

“ఏం చెల్లెమ్మా, మాంసం ఉడక్కముందే పొమ్మంటున్నారా మమ్మల్ని?”

నవ్వుతూనే అన్నాడు కానీ చెవులు ఎర్రబడ్డాయి. ఉమ్సునాయ్ ముఖంలో నెత్తురు లేదు.

“అయ్యో అన్నయ్యా, ఎంత మాట! చిన్నపిల్ల, చెయ్యి జారింది. ఒసే, క్షమించమని చెప్పవే. చెయ్యి జారిందని చెప్పు.”

అత్త ఆమెకి దారి ఇచ్చింది. ఆ మాట ఒక్కటి అంటే సరిపోయేది. గిన్నె వెనక్కి వచ్చేది, సగానికి వంపేవాళ్లు, గుర్రం మళ్లీ పరిగెత్తేది, ఆమె మళ్లీ కూర్చునేది. ఆమె కూడా నోరు తెరిచిందట ఆ మాట అనడానికే. అప్పుడు మూలలో బెగిమాయ్ కనిపించింది. పిల్ల ఎడమ కాలు మడుచుకుని కూర్చుని, తల్లి ముఖంలోకే చూస్తోంది, తర్వాత ఏం చెయ్యాలో నేర్చుకోవడానికి.

“చెయ్యి జారలేదు అత్తయ్యా” అంది బురుల్. గొంతు చిన్నదే, కానీ గదంతా వినపడింది. “పెద్దయ్యా, మీరు కదలకండి. మీరెక్కడికీ వెళ్లక్కర్లేదు. లేవాల్సింది నేను.”

గోడ పట్టుకుంది. లేచింది. ఈసారి నవ్వలేదు. ముఖం ఎలా ఉంటే అలాగే ఉంచింది.

ఆ చోటు ఖాళీ అయిందో లేదో బెగిమాయ్ పరిగెత్తుకొచ్చి సమోవర్ పక్కన కూలబడింది, కాలు మడిచి. “నేను పోస్తా!” చుట్టాలు నవ్వారు. “ఓహో, చిట్టి కోడలొచ్చింది!” గదిలో బిగువు కాస్త సడలింది. అందరికీ అది బాగానే ఉన్నట్టుంది. బురుల్ వంగలేక వంగి, పిల్ల చంకల కింద చేతులు వేసి లేవనెత్తి నిలబెట్టింది.

“నువ్వు కూర్చోకు తల్లీ.” తర్వాత భర్త వైపు తిరిగింది. “బెగిమాయ్ నాన్నా, మీరిటు జరగండి.”

ఎర్మెక్ తల్లి వైపు చూశాడు, నా వైపు చూశాడు. నేను గిన్నెలోకి చూసుకున్నాను. శార్షెన్ బావే తేల్చేశాడు. టోపీ పక్కన పెట్టి, నిండు గిన్నె పైకెత్తాడు.

“జరగరా అల్లుడూ! అంత మినీబస్సు తోలేవాడివి, ఒక్క సమోవర్ తోలలేవా? నేను మాత్రం ఇది చల్లారేలోపు తాగేస్తా. నిండు గిన్నె తాగి నా జన్మలో ఎన్నాళ్లయిందో!”

వాడు జరిగాడు. బురుల్ శాలువా కప్పుకుని బయటికి పోయింది. మంచులో పెరటి చుట్టూ నడుస్తూ ఉంది, కిటికీలోంచి కనిపిస్తూ, మాయమవుతూ, మళ్లీ కనిపిస్తూ. లోపల ఎర్మెక్ సగం గిన్నెలు పోస్తున్నాడు, చేతులు కాల్చుకుంటున్నాడు. శార్షెన్ బావ గుర్రం ఇంకా సగం దూరం కూడా పోలేదు, వీడు అటూ ఇటూ కదలడం మొదలుపెట్టాడు.

“అబ్బ, కాలు మొద్దుబారిపోయిందే!”

ఉమ్సునాయ్ రొట్టె విరుస్తోంది. తల ఎత్తకుండా అంది.

“కూర్చునే ఉన్నావు కదరా, అలసటెక్కడిది?”

అందరూ నవ్వారు. వాడు నవ్వలేదు. కిటికీ వైపు చూశాడు.

చుట్టాలు పోయాక నేను గుర్రానికి గడ్డి వేస్తున్నాను. బురుల్ ఆవు పక్కన ఉంది. ఉమ్సునాయ్ కొట్టంలోకి వచ్చింది. నేనున్నానని ఇద్దరికీ తెలుసు.

“నా పరువు తీశావు కదే” అంది కోడలితో.

“అవును అత్తయ్యా.”

“చెయ్యి జారిందంటే నీ సొమ్మేం పోయేది?”

“నా కాలు పోయేది. చిటికెనవేలు ఇప్పటికే నాది కాదు. దాన్ని గిచ్చండి, నాకు తెలీదు.”

ఉమ్సునాయ్ నిజంగానే వంగింది. మేజోడు తీసి, ఆ వేలు గిచ్చింది. ఇంకోసారి గిచ్చింది. కోడలి ముఖం చూసింది. తర్వాత గడ్డి మీద కూర్చోబోయి, మోచేతి మీద ఆనుకుని, మెల్లగా కుడివైపుకి ఒరిగి కూర్చుంది. ఆమె ఎప్పుడూ అలాగే కూర్చుంటుంది. మా పెళ్లయిన కొత్తలోంచీ అలాగే. ఆమె తీరే అంత అనుకున్నాను.

“ఆ నడికట్టు ఎవరిదనుకున్నావు?” అంది. “మా అత్త అల్లింది, నాకోసం. ఆవిడ కూడా చలి దిగిందనే చెప్పింది. నీకంటే ముందు ఆ చోట్లో కూర్చున్నది నేనే కదే.”

“తగ్గిందా అత్తయ్యా?”

“తగ్గడమా? నువ్వొచ్చావు. నేను లేచాను.”

బురుల్ మేజోడు తొడుక్కుంది. ఆవు నెమరేస్తోంది. ఉమ్సునాయే మళ్లీ అంది, చిరాగ్గా, ఎవరినో తిడుతున్నట్టు.

“ఆ బంతి ఏదో గోడకి పెట్టి దొర్లిస్తావట. బెగిమాయ్ చెప్పింది. ఎక్కడ పెట్టాలి?”

ఇప్పుడు మా సమోవర్ కిటికీ పక్కన పెద్ద పెట్టె మీద ఉంటుంది. పోసేవాళ్లు నిలబడి పోస్తారు. ఎవరికి కావాలంటే వాళ్లు లేచి పోసుకుంటారు. శార్షెన్ బావ వచ్చినప్పుడు మాత్రం కింద పెడతాం, అందరం వంతులు వేసుకుంటాం. రగ్గుల షెడ్డులో బురుల్ గంట గంటకీ లేస్తోంది. షెడ్డావిడ కుట్లు వంకరంటే, కొలిచి చూసుకోండి అందట. ఇప్పుడు ఇంకొంతమంది కూడా లేస్తున్నారట. పట్నానికి ఐజర్కిన్ దగ్గరికి మళ్లీ మళ్లీ పోయి వచ్చింది, ఎర్మెక్ బస్సులోనే, ముందు సీటులో. కనుమ దగ్గర ఇద్దరూ దిగుతారు. చిటికెనవేలు ఇంకా పూర్తిగా రాలేదు. గిచ్చితే దూరంగా ఎవరినో గిచ్చినట్టుందట. వస్తుందనే అంటోంది ఆ అమ్మాయి.

మొన్న మధ్యాహ్నం మంచు దులుపుకుంటూ ఇంట్లోకి వచ్చాను. పొయ్యి వెచ్చగా ఉంది. ఉమ్సునాయ్ గోడకి ఆనుకుని బంతి దొర్లిస్తూ బంతిని తిడుతోంది. నేల మీద, తను కుట్టిన రగ్గు మీద, బురుల్ వెల్లకిలా పడుకుని ఉంది. ఒక కాలి మీద ఇంకో కాలు, తొడ గుండెకి హత్తుకుని, కళ్లు మూసుకుని. పక్కనే బెగిమాయ్ అచ్చం అలాగే. నా బూట్ల చప్పుడు వినగానే పిల్ల గబుక్కున కాళ్లు దించి మడుచుకోబోయింది.

“తాతయ్యొచ్చాడమ్మా!”

బురుల్ కళ్లు తెరిచి నన్ను చూసింది. చెయ్యి చాచి పిల్ల మోకాలి మీద వేసి, కదలకుండా పట్టుకుంది.

“సమోవర్ వేడిగానే ఉంది మామయ్యా” అంది.

కాళ్లు ముడుచుకోలేదు.